బాలింత ఏడుపు దిష్టి కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం. కాన్పయిన నాలుగో రోజు నుంచి మా చెల్లి పాపని ఒళ్లో పెట్టుకుని గోడవైపు చూస్తూ ఏడుస్తూనే ఉండేది, మా పెద్దమ్మేమో దిష్టని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. కడుపుతో ఉన్నప్పుడు బాగా పెరిగిన ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మాయ బయటికొచ్చాక కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా పడిపోతుంది, మెదడులో మనసుని కుదురుగా ఉంచే సెరోటోనిన్ అనే రసాయనం తయారవడానికి ఆ హార్మోన్ సాయం కావాలి, కొందరు ఈ మార్పుని అస్సలు తట్టుకోలేరు, పైగా నిద్ర ఉండదు. మామూలు దిగులైతే 2 వారాల్లో తగ్గుతుంది, తగ్గలేదంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. మేము 2 నెలలు ఆగాం, అదే నా బాధ. టీకాలకెళ్తే పాప బరువు చూశారు గానీ నువ్వెలా ఉన్నావమ్మా అని తల్లిని ఒక్కరూ అడగలేదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీమానస్ 14416 కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు, ఆ నంబర్ ప్రతి కాన్పుల వార్డు గోడ మీదా రాయించాలి.

— ఒక పాఠకురాలు