డెత్‌కోర్‌ని కూడా డెత్ మెటల్ అనేశారు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో మెటల్ సంగీతం (రాక్‌లో బాగా బరువైన రకం) మీద మీరు వేసిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో దీని గురించి అర పేజీ రావడమే గొప్ప, అందుకు థాంక్స్. కానీ మోర్బిడ్ ఏంజెల్‌నీ, సూసైడ్ సైలెన్స్‌నీ, లోర్నా షోర్‌నీ ఒకే గాటన కట్టేసి అన్నీ డెత్ మెటల్ బ్యాండ్లే అన్నారు, పైగా గొంతు చించుకుని అరవడమే దీని ప్రత్యేకత అని తేల్చేశారు. మొదటిది డెత్ మెటల్, మిగతా రెండూ డెత్‌కోర్. రెండింటికీ చుట్టరికం ఉంది కానీ వినేవాడికి రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది, ఎక్కడ వినాలో తెలిస్తే.

కొత్తవాళ్లు ముందు పట్టుకునేది గొంతునే. నిజానికి తేడా కనిపెట్టడానికి అది అంత పనికొచ్చే గుర్తు కాదు, రెండింట్లోనూ గర్జన ఉంటుంది మరి. కాకపోతే పాత డెత్ మెటల్ గాయకులు చాలామంది పాటంతా దాదాపు ఒకే లోతులో గర్జిస్తారు, డెత్‌కోర్ గాయకుడు మాత్రం ఒకే లైన్లో అడుగునుంచి కీచు దాకా వెళ్లి, మధ్యలో పంది అరిచినట్టు ఒక శబ్దం చేసి మళ్లీ కిందికి దిగుతాడు. దాన్ని పిగ్ స్క్వీల్ అనే అంటారు. ఇక చించుకోవడం సంగతి: లోర్నా షోర్ గాయకుడు విల్ రామోస్ గొంతులోకి కెమెరా పెట్టించుకుని మరీ లోపల ఏం జరుగుతోందో వీడియోలో చూపించాడు. అసలు స్వర తంత్రులకు పైన ఉండే మడతలు కూడా అదిరితే వచ్చే శబ్దం అది, సాధన చేసి నేర్చుకునే పద్ధతి. ఇది తెలియకుండా ఇంట్లో ట్రై చేసేవాళ్ల గొంతు పోతుంది, అది వేరే విషయం.

అసలు తేడా గిటార్లు, డ్రమ్స్ కలిసి పాటని ఎటు తీసుకెళ్తున్నాయన్న దాంట్లో ఉంది. డెత్ మెటల్ పాట రిఫ్‌ల మీద, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసల మీద నడుస్తుంది. ఒకే తీగని పైకీ కిందికీ యమా స్పీడుగా మీటుతూ ఒక రిఫ్, అది అయిపోకముందే వేగం మారి ఇంకొకటి, కింద స్నేర్, కిక్ డ్రమ్ములు ఆగకుండా పడే బ్లాస్ట్ బీట్, మధ్యలో గిటార్ సోలో. మోర్బిడ్ ఏంజెల్ 1989లో తెచ్చిన 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' వినండి, ఒక్కచోట నిలబడదు. 'డెత్' అనే పేరుతోనే బ్యాండ్ పెట్టిన చక్ షుల్డినర్ అయితే 1995లో 'సింబాలిక్' నాటికి దీన్ని ఎంత దూరం తీసుకెళ్లాడంటే, గర్జన తీసేస్తే అందులో మిగిలేది మంచి మెలోడీ. ఈ రెండింటిలాంటి ఫ్లోరిడా బ్యాండ్లు చాలావరకు టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో రికార్డ్ చేసేవి కాబట్టి ఆ సౌండ్ స్పష్టంగా ఉంటుంది. అదే టైములో స్టాక్‌హోమ్ కుర్రాళ్లు గిటార్ సౌండ్‌ని గరగరలాడించే బాస్ (Boss) కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్ నాబ్‌లన్నీ చివరి దాకా తిప్పేసి రంపపు కోతలాంటి సౌండ్ తెచ్చారు. ఎన్‌టూమ్డ్ 1990 ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' దానికి పెద్ద గుర్తు. డెత్ మెటల్ లోపలే ఇన్ని రుచులు, మీరేమో అరుపులు అని ఒక్క మాటలో తేల్చేశారు.

డెత్‌కోర్ పాట బ్రేక్‌డౌన్ కోసం పుడుతుంది. ఇది హార్డ్‌కోర్ పంక్ (పంక్ రాక్‌లో మరింత వేగంగా, కోపంగా ఉండే రకం) వైపు నుంచి వచ్చిన సొత్తు. వేగంగా వెళ్తున్న పాట ఉన్నట్టుండి సగానికి సగం నెమ్మదిస్తుంది, గిటార్ వాళ్లు బాగా కిందికి ట్యూన్ చేసిన లావు తీగని అరచేత్తో నొక్కి ముక్కలు ముక్కలుగా మీటుతారు, డ్రమ్మర్ కాళ్లు సరిగ్గా అదే లెక్కలో పడతాయి, పైన ఒక్క సింబల్ మాత్రం తాళం తప్పకుండా కొడుతూ ఉంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ కూడా అంతే ముఖ్యం, ఆ ఖాళీలో గుండె మీద గుద్దినట్టు బేస్ డ్రాప్, అంటే కిందికి జారిపోయే లోతైన శబ్దం పడుతుంది. మన సినిమాల్లో ఫస్టాఫ్ అంతా ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం రాసుకున్నట్టే, డెత్‌కోర్‌లో ముందున్నదంతా ఆ ముప్పై నలభై సెకన్ల కోసం కట్టిందే. అందుకే ఇక్కడ సోలోలు తక్కువ. జనం తీరు కూడా దాన్నిబట్టే మారుతుంది: డెత్ మెటల్ షోలో జుట్టు విరబోసుకుని తల ఊపుతారు, డెత్‌కోర్ షోలో బ్రేక్‌డౌన్ పడగానే మధ్యలో జాగా చేసుకుని గాల్లోకి కాళ్లూ చేతులూ విసురుతారు. పక్కన నిలబడితే మూతి పగలడం ఖాయం.

పాటల్లో మాటలు కూడా వేరే. డెత్ మెటల్‌లో క్యానిబల్ కార్ప్స్ లాంటివాళ్లవి శవాలూ రక్తాలూ, డీసైడ్‌ది మతం మీద కోపం. డెత్‌కోర్‌లో సొంత బాధ, డిప్రెషన్, మనుషుల మీద కసి ఎక్కువ. సూసైడ్ సైలెన్స్ 2007లో తెచ్చిన 'ది క్లెన్సింగ్' మైస్పేస్ అనే సోషల్ సైట్ వెలిగిన కాలపు కుర్రాళ్లకి అంతలా ఎక్కడానికి ఆ బ్యాండ్ గాయకుడు మిచ్ లకర్ గొంతులోని ఆ సొంత కోపం కూడా ఒక కారణమని నా నమ్మకం. 2012లో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు పాపం.

ఇక డెత్ మెటల్ పెద్దమనుషుల గురించి కూడా రెండు ముక్కలు రాయాలి. డెత్‌కోర్ అనగానే 'ఫ్యాషన్ పిల్లల గోల' అని మొహం తిప్పేస్తారు. టైట్ జీన్సు, కంటి మీదకి జుట్టు, రంగురంగుల టీషర్టులు చూసి మొదలైన చిరాకు అది, వినికిడితో సంబంధం తక్కువ. వాళ్లే నెత్తిన పెట్టుకునే న్యూయార్క్ బ్యాండ్ సఫొకేషన్ 1991లో 'ఎఫిజీ ఆఫ్ ద ఫర్‌గాటెన్' తెచ్చింది. అందులో 'లీజ్ ఆఫ్ ఇన్‌వెరాసిటీ' పాటలో ఆ నెమ్మదైన బరువు దెబ్బలు వింటే డెత్‌కోర్ తాతగారు ఎవరో అర్థమవుతుంది. జాబ్ ఫర్ ఎ కౌబాయ్‌ని చూడండి. 2005లో 'డూమ్' అనే ఈపీతో (కొద్ది పాటల చిన్న రికార్డు) డెత్‌కోర్ కుర్రాళ్లందరికీ దేవుళ్లయ్యారు, రెండేళ్లకే 'జెనెసిస్'లో బ్రేక్‌డౌన్లు పక్కనపెట్టి డెత్ మెటల్‌లోకి దిగిపోయారు. అభిమానుల్లో కొంతమంది ద్రోహం అన్నారు, కొంతమంది బాగుపడ్డారన్నారు! గర్జన రెండుచోట్లా ఉంది కదా, మరి మారిందేంటి? పాట కట్టిన తీరు.

నా మటుకు నాకు డెత్ మెటలే ఇష్టం, ఎందుకంటే పదోసారి విన్నప్పుడు కూడా అందులో కొత్త రిఫ్ దొరుకుతుంది, బ్రేక్‌డౌన్ మాత్రం ఎప్పుడొస్తుందో తెలిశాక నాకు సగం బలం పోతుంది. అయినా లోర్నా షోర్ 2021 పాట 'టు ద హెల్‌ఫైర్' చివర్లో బ్రేక్‌డౌన్ మీద బ్రేక్‌డౌన్ పడుతూ ఇంకా ఇంకా కిందికి దిగిపోతుంటే వద్దన్నా తల ఊగుతుంది, వెనక ఆర్కెస్ట్రా హంగులు చూస్తే ఇప్పటి డెత్‌కోర్, మెటల్‌లోనే ఇంకో శాఖ అయిన బ్లాక్ మెటల్ నుంచి కూడా బాగానే అప్పు తెచ్చుకుందని తెలుస్తుంది.

కాబట్టి వచ్చే వారం ఒక చిన్న సవరణ వేయండి, సూసైడ్ సైలెన్స్, లోర్నా షోర్ డెత్‌కోర్ బ్యాండ్లు అని. ఇంకోటి, వ్యాసంలో ఫ్లోరిడా దాకా వెళ్లారు గానీ హైదరాబాద్‌లోనే గాడ్‌లెస్ అనే బ్యాండ్ ఉంది, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అని ఆల్బమ్ తెచ్చారు. అది నికార్సైన డెత్ మెటల్. ఈసారి రాసేటప్పుడు వాళ్లని అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్