ఆదివారం సాయంత్రం అందరం కలుద్దాం, ఫోన్‌లోనే

అందరికీ నమస్కారం.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారి అని ప్రకటించినప్పటి నుంచి ఈ గ్రూపులో అన్నీ టెన్షన్ వార్తలే. ఫార్వర్డ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను లెండి.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు వీడియో కాల్.

మీ కిటికీలోంచి కనిపించే వసంతాన్ని ఒక ఫోటో తీసి శనివారం రాత్రిలోపు ఇక్కడ పెట్టండి. మా కిటికీ ముందు మోడులా ఉన్న చెట్టుకు ఎర్రటి లేత చిగుళ్లు వచ్చాయి. మా చిన్నది రోజూ లెక్కపెడుతోంది, నిన్నటికి 43. చెట్టు ఎప్పటి నుంచో అక్కడే ఉంది, చూసే తీరికే ఇప్పుడు దొరికింది.

కాల్‌లో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఇంట్లో ఎవరికి, దేనికి థాంక్స్ చెప్పాలనుందో చెప్పండి. వాళ్లు పక్కనే కూర్చుంటే ఇంకా మంచిది.

పెద్దవాళ్లకు లింక్ తెరవడం ముందే నేర్పండి. ఫోటో కోసం బయటికి మాత్రం వెళ్లొద్దు!