దూకేవాళ్ళకు ఒక స్థిరమైన నేల ఇవ్వండి: కేంద్ర పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారాలు. మాది మార్కాపురం. నాకు అరవై ఏడేళ్ళు. 1981లో చదువు కోసం అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వెళ్ళి, అక్కడే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంతూరికి వచ్చేశాను. ఆ మధ్యకాలంలో విమానం నుంచి పారాచూట్‌తో ఆరువందల పైచిలుకు సార్లు దూకాను. మీ శాఖ 2022 జూన్‌లో విడుదల చేసిన జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ మార్గదర్శకాల్లో పారాచూటింగ్ పేరు చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. 2030 నాటికి ఈ ఆటల్లో ముందు వరసలో ఉన్న దేశాల సరసన మనం నిలవాలని అందులో రాశారు. అది నిజం కావాలనే ఆశతో, దూకేవాళ్ళకు ఒక స్థిరమైన మైదానం ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు శ్రీకాకుళం వారు కాబట్టి మన భాషలోనే రాస్తున్నాను.

నేను మొదటిసారి దూకింది 1982 వేసవిలో. మొక్కజొన్న చేల నడుమ గడ్డి రన్‌వే, పక్కన రేకుల షెడ్డు, తలుపు ఊడదీసిన సెస్నా 182 అనే ఒక చిన్న విమానం. పైలట్‌కి తప్ప ఎవరికీ సీటు ఉండేది కాదు, మోకాళ్ళు ముడుచుకుని కింద కూర్చునేవాళ్ళం. వీపున సైన్యం వాడి అమ్మేసిన గుండ్రటి పారాచూట్, పొట్ట మీద రిజర్వ్, అంటే పెద్దది తెరుచుకోకపోతే వాడే రెండో పారాచూట్. గాల్లో పక్కకు తిప్పుకోవడానికి వీలుగా పెద్దదాని వెనక భాగంలో కొంత గుడ్డ కత్తిరించేవారు. మూడు వేల అడుగుల దాకా ఎక్కాక రెక్క కింది కడ్డీ పట్టుకుని, అడుగు బయటపెట్టి, చేతులు వదిలెయ్యాలి. విమానానికి కట్టిన స్టాటిక్ లైన్ అనే పట్టీ పారాచూట్‌ను లాగి తెరిచేది. ఇప్పటి చదరపు పారాచూట్‌లు పిట్ట వాలినట్టు దించుతాయి. అప్పుడు దిగడమంటే ప్రహరీ గోడ మీంచి దూకడమే. కాళ్ళు దగ్గరపెట్టి పక్కకు దొర్లడం రాకపోతే చీలమండ పోయేది.

అయ్యా, ఆ విమానం కన్నా, ఆ పారాచూట్‌ల కన్నా ఆ షెడ్డులో మనుషుల గురించే మీకు చెప్పాలి. మా పైలట్ వారమంతా పొలాల మీద మందు చల్లే విమానం నడిపేవాడు, ఆదివారాలు మమ్మల్ని మోసేవాడు. గాలి ఎటు తిరుగుతోందో చేల మీద కదలిక చూసి చెప్పేవాడు. ఇంకొకాయన వియత్నాం యుద్ధంలో గాయపడి కుంటుతూ నడిచేవాడు. నేల మీద నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. కొత్తగా వచ్చినవాడు దూకిన ప్రతిసారీ మాత్రం వాడు దిగేచోటికి అందరికన్నా ముందు ఆయనే చేరేవాడు. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ ఉండేది, ఏభై ఏళ్ళు దాటిన మనిషి. దూకేటప్పుడు వేసుకునే దుస్తులు నాకు కుట్టిచ్చింది, డబ్బు తీసుకోలేదు. ఒక కుర్రాడు పాత వ్యానులోనే కాపురం ఉండి, పారాచూట్‌లు మడిచిన కూలితో తన దూకుళ్ళకు డబ్బు కట్టుకునేవాడు. ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియదు. పెట్టుడు పేర్లతోనే ఏళ్ళు గడిచిపోయాయి. ఎవరైనా ఏదైనా మొదటిసారి చేస్తే సాయంత్రం అందరికీ బీరు పోయించాలన్నది అక్కడి ఆనవాయితీ. నాకు తాగే అలవాటు లేదు. స్టాటిక్ లైన్ లేకుండా నా చేత్తోనే పారాచూట్ తెరుచుకున్న రోజు పెద్ద గిన్నెడు పులిహోర చేసి పట్టుకెళ్ళాను. ఆ తరువాత పన్నెండేళ్ళు ప్రతి సీజన్ మొదటి ఆదివారం నన్ను పులిహోరే అడిగారు.

మా రిగ్గర్, అంటే పారాచూట్‌లు పరీక్షించి మడిచే మనిషి, అరవైకి దగ్గరపడిన మాజీ సైనికుడు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో దూకినవాడు. రిజర్వ్ మడిచేటప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. మడత అయ్యాక పిన్నుకు ఎర్రదారం చుట్టి, సీసపు ముద్ర నొక్కి, కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టేవాడు. ఆ ముద్ర మీది గుర్తు ఆయనది. ఎవరి ప్రాణం మీదికి వచ్చినా జవాబు చెప్పాల్సింది ఆ గుర్తే.

విమానం ఎక్కేవాళ్ళ పేర్లు నోటుపుస్తకంలో రాసే మేనిఫెస్ట్ పని ఆ మైదానం యజమాని భార్యది. ఒక ఆదివారం ఆవిడ నా మొహం వంక చూసి, రాసిన పేరు కొట్టేసింది. అంతకు ముందు రెండు రాత్రులు పరీక్షలకు చదువుతూ నేను నిద్రపోలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. నాకు కోపం వచ్చింది. ఆవిడ తిరిగి ఒక్క మాటా అనలేదు. సూప్ గిన్నె ముందు పెట్టి, షెడ్డులో మంచం చూపించింది. సాయంత్రం దాకా పడుకున్నాను. నన్ను ఏడాదిగా చూస్తున్న మనిషి కాబట్టి ఆవిడకు నా అలసట కనిపించింది. నాలుగు రోజుల క్యాంపుకు వచ్చి వెళ్ళిపోయే వాళ్ళకు అది కనిపించే అవకాశమే లేదు.

వానపడే రోజుల్లో దూకడం ఉండదు. అయినా అందరూ వచ్చేవాళ్ళు. అసలు చదువు ఆ రోజుల్లోనే జరిగేది. ఒహాయోలో పాతవాళ్ళు 1967 ఆగస్టు 27 గురించి చెప్పేటప్పుడు షెడ్డంతా నిశ్శబ్దమైపోయేది. ఆ రోజు ఒక బి-25 విమానం నుంచి 18 మంది మబ్బుల మీదుగా దూకారు. రాడార్ దగ్గరి కంట్రోలర్ ఇంకో చిన్న విమానాన్ని చూసి అదే ఈ బి-25 అనుకున్నాడు. దూకినవాళ్ళు కింద నేల ఉందనుకుని మబ్బులు దాటి చూస్తే ఈరీ సరస్సు. 16 మంది మునిగిపోయారు, ఇద్దరే బతికారు. మబ్బుల్లోంచి దూకరాదన్న నియమం అమెరికా చట్టంలో ఉంది. నేను దాన్ని నేర్చుకున్నది మాత్రం ఆ షెడ్డులో కూర్చుని, ఆ మాటలు వింటూ. ఆ తరువాత మబ్బు అంచున విమానం తలుపు దగ్గర కూర్చుని ఎన్నిసార్లు వెనక్కి దిగివచ్చామో లెక్కలేదు.

ఇలాంటి చోటు దానంతట అది పుట్టదు, మంత్రిగారూ. ఎవరో ఒకరు నేల ఇవ్వాలి. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆరెంజ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి ఊరుమ్మడి విమానాశ్రయంలో 1959లో, ఫ్రాన్స్‌లో పుట్టిన జాక్ ఆండ్రే ఇస్టెల్, ఆయన సహచరులు పారాచూట్ కేంద్రం తెరిచారు. మామూలు మనిషి కూడా డబ్బు కట్టి నేర్చుకుని దూకొచ్చని ఆ దేశం గ్రహించింది అక్కడే. మూడేళ్ళు తిరిగేసరికి, 1962లో, ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు ఆ ఊళ్ళోనే జరిగాయి. ఇప్పటికీ అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకున్న విమానాశ్రయం భద్రతాపరమైన కారణం చూపకుండా స్కైడైవర్లను కాదనడానికి వీల్లేదు. మన దగ్గరా అలాంటి నియమం ఒకటి తీసుకురండి.

నేల విషయానికి వస్తే, మా దొనకొండ ఉంది. నేను చిన్నప్పుడు గుంటూరు వెళ్ళే మీటర్‌గేజ్ రైల్లోంచి చూసిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ అక్కడ ఉంది. చుట్టూ చదునైన మెట్ట నేల, ఏడాదిలో ఎక్కువ రోజులు తెరిపిగా ఉండే ఆకాశం. రేపు అక్కడ పెద్ద విమానాశ్రయమే వస్తే మాకూ ఆనందమే, ఒక మూల మాకు చోటివ్వండి. దొనకొండ కుదరకపోతే ఇంకొకటి చూడండి. కానీ ఏదిచ్చినా పండగ వారం కోసం కాదు, కనీసం పదిహేనేళ్ళ లీజుకివ్వండి. హర్యానాలోని నార్నౌల్‌లో ఈ ఆట జరుగుతోంది, వాళ్ళకు నా అభినందనలు. ఒంగోలు కుర్రాడికి నార్నౌల్ వెళ్ళిరావడం ఒక యాత్ర. ఏడాదికి ఒకసారి వెళ్ళి దూకివస్తే వాడికి అనుభవం మిగులుతుంది, ఆట రాదు.

రిగ్గర్ల గురించి కూడా ఆలోచించండి. అమెరికాలో రిజర్వ్ పారాచూట్‌ను 180 రోజులకోసారి విప్పి, పరీక్షించి, మళ్ళీ మడవాలి. లైసెన్సున్న రిగ్గర్లే ఆ పని చెయ్యాలి. పాడైన పారాచూట్‌ను ఒక్క లాగుడుతో వదిలించుకునే మూడు రింగుల అమరికను 1970లలో ఫ్లోరిడాకు చెందిన బిల్ బూత్ తయారుచేశాడు. ఆయనా డ్రాప్ జోన్‌లో, అంటే ఇలా దూకే మైదానంలో, పెరిగిన మనిషే. మన వైమానిక దళానికి ఆగ్రాలో పారాట్రూపర్ల శిక్షణ పాఠశాల ఉంది. ఏళ్ళ తరబడి అక్కడ పారాచూట్‌లు మడిచినవాళ్ళు, దూకడం నేర్పినవాళ్ళు రిటైరై ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉంటారు. వాళ్ళను పిలిచి, లైసెన్సిచ్చి, జీతమిచ్చి అలాంటి షెడ్డులో కూర్చోబెట్టండి. కుర్రాళ్ళు వానరోజున వాళ్ళ చుట్టూ చేరాలి.

నా మోకాళ్ళు ఇక దూకనివ్వవు. మార్కాపురం నుంచి దొనకొండ ఎంతో దూరం లేదు. అక్కడ విమానం ఎగరడం మొదలైతే ప్రతి ఆదివారం పొద్దున్నే వస్తాను. నోటుపుస్తకం పట్టుకుని మేనిఫెస్ట్ బల్ల దగ్గర కూర్చోవడానికి నాకు జీతం అక్కర్లేదు. నిద్రలేని కళ్ళతో వచ్చిన కుర్రాడి పేరు కొట్టేసి, వాడికి ఇంత అన్నం పెట్టి, మంచం చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాత స్కైడైవర్,
మార్కాపురం