మానని పుండుకి ముక్క టెస్టు చేయించాల

ఎడిటర్ గారికి నమస్కారం.

మా వైపు స్కిన్ క్యాన్సర్ అంటే అదేదో తెల్లోళ్ళకొచ్చే జబ్బు, పొలంలో ఎండకి మాడిన ఒళ్ళు మనది, మనకేం రాదులే అంటారు. వాళ్ళతో పోలిస్తే మనకి చాలా తక్కువే, చర్మంలో ఉండే మెలనిన్ ఎండ నుంచి కాపాడుద్ది, అది నిజమే. కానీ మనకొచ్చేది ఎండ తగలని చోట కూడా వస్తది, అరికాల్లో, గోరు కింద, ఎప్పుడో కాలిన మచ్చ మీద. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మా మేనమామ కొండపి దగ్గర పొగాకు రైతు. కుర్రతనంలో పొగాకు ఆరబెట్టే బేరన్‌లో వేడి గొట్టం తగిలి పిక్క కాలింది, ఆ మచ్చ అట్టానే ఉండిపోయింది. ముసలితనంలో అది పగిలి పుండైంది. షుగర్ ఉందిగా, షుగర్ పుండేలే అని ఊళ్ళో ఆర్ఎంపీ కట్టు కట్టాడు, తర్వాత టౌన్‌లో ఒక క్లినిక్‌లో యాంటిబయోటిక్స్ మార్చి మార్చి రాశారు, పుండు అంచులు గట్టిపడి పైకి లేచి కాలీఫ్లవర్ లాగా అయ్యి వాసన వస్తున్నా ఒక్కరు కూడా దాంట్లోంచి చిన్న ముక్క తీసి టెస్టుకి పంపుదాం అనలా. చివరికి పంపేసరికి గజ్జల్లో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) కట్టాయి, ఎముక దాకా పాకింది, మోకాలి కింద కాలు తీసేశారు. మొదట్లోనే పంపుంటే పుండు చుట్టూ కొంచెం మంచి చర్మంతో కలిపి కోసి, తొడ మీద చర్మం తీసి అతికించి, కాలు నిలిపే వీలు చాలావరకు ఉండేది. నా బాధంతా అదే.

ఆ ముక్క టెస్టునే బయాప్సీ అంటారు, పెద్ద పనేం కాదండి. మత్తు సూది వేసి చిన్న ముక్క తీసి ఒకట్రెండు కుట్లు వేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. ముక్కని ఫార్మాలిన్‌లో వేసి పాథాలజీకి పంపితే మైక్రోస్కోప్ కింద చూసి ఏ రకమో చెప్తారు. ఒంగోలు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో, నెల్లూరు పెద్దాసుపత్రిలో రెండు చోట్లా మెడికల్ కాలేజీలున్నాయి, పాథాలజీ విభాగాలున్నాయి. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుద్ది అని మన జనంలో ఒక భయం, అది తప్పు, పాకేది ఆలస్యం చేస్తేనే. ఇంకోటి, పులిపిరో మచ్చో అని ఎక్కడన్నా కోసి తీసేస్తే ఆ ముక్క చెత్తబుట్టలోకి పోకుండా టెస్టుకి పంపమని అడగండి, రిపోర్టుతో పాటు స్లైడ్లు, బ్లాకు (ముక్కని మైనంలో పెట్టి దాచింది) కూడా తెచ్చుకోండి, రేపు క్యాన్సర్ వైద్యానికి చెన్నై అడయార్ వెళ్ళినా తిరుపతి వెళ్ళినా అవే అడుగుతారు.

రకాన్ని బట్టే వైద్యం. ముక్కు పక్కనో కనురెప్ప దగ్గరో నెమ్మదిగా పెరిగే బేసల్ సెల్ రకం వేరే చోటికి పాకడం చాలా అరుదు, సరిగ్గా కోసి తీస్తే దాదాపు సరిపోద్ది. అది మన ఒంటిమీద నల్లగా పుట్టుమచ్చలాగే ఉండి మోసం చేస్తది. కాలిన మచ్చల మీద, ఏళ్ళ తరబడి మానని పుళ్ళ మీద వచ్చేది స్క్వామస్ సెల్, బిళ్ళలకి చేరితే ఆపరేషన్‌తో పాటు కరెంటు (రేడియేషన్) కూడా పెట్టాల్సి రావచ్చు. అన్నిట్లోకీ చెడ్డది మెలనోమా. అరికాల్లో నల్ల మచ్చగా మొదలైతే ఆనెకాయ అనుకుని కార్న్ క్యాప్ అంటిస్తారు, బ్లేడుతో చెక్కుతారు. దాంట్లో లోతే లెక్క, 1 మిల్లీమీటర్ లోపుంటే చుట్టూ 1 సెంటీమీటర్ మంచి చర్మంతో తీసేస్తే ఎక్కువమందికి నయమైపోద్ది, ఊపిరితిత్తులకో కాలేయానికో చేరాక ఒంట్లో రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి లేపే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు లక్షల్లో ఉంటాయి, మన రైతు కూలీలు ఎక్కడ తెస్తారు?

ప్రభుత్వం 30 దాటినవాళ్ళకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు చూస్తోంది, మంచిదే. చర్మానికి వేరే స్కీమ్ పెట్టమని నేను అడగను, అన్ని కేసులు లేవు. కానీ కుష్ఠు సర్వేకి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఒంటిమీద మచ్చలున్నాయా, స్పర్శ ఉందా అని ఎటూ చూస్తున్నారు కదా, అప్పుడే అరికాళ్ళు, గోళ్ళు, పాత కాలిన మచ్చలు కూడా చూసి నెలకి పైగా మానని పుండుంటే, రంగు మారి పెరిగే మచ్చుంటే రాసుకుని జీజీహెచ్‌కి పంపితే చాలు. పొగాకు బేరన్‌లలో, చీమకుర్తి క్వారీల్లో, ఉప్పు కొటారుల్లో పనిచేసేవాళ్ళకి కాళ్ళమీద దెబ్బలు మామూలు, వాళ్ళు పుండుని పట్టించుకోరు, ఎవరో ఒకరు వంగి చూడాల్సిందే. ప్రకాశం, నెల్లూరు జిల్లా వైద్యాధికారులు (డీఎంహెచ్‌వోలు) ఈ సంగతి ఆలోచించాలని కోరుతున్నా. మీరు కూడా జిల్లా పేజీలో ఆ సర్వే తేదీలు వేసేటప్పుడు అరికాళ్ళు కూడా చూపించుకోండి అని ఒక లైను కలపండి.

ఇట్లు
ఒక పాఠకుడు, టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా