మా బుడ్డోడు రాత్రంతా పడుకుంటున్నాడండి, అందరికీ థ్యాంక్స్

ఇది రాయాలని దసరా నుంచి అనుకుంటున్నా, కానీ రాసిన మర్నాడే వాడి రాత్రి ఏడుపు మళ్ళీ మొదలవుతుందేమో అని భయం, మా అత్తయ్యగారైతే దిష్టి తగుల్తుంది ఇప్పుడే ఎవరికీ చెప్పకు అని ఒకటే గోల. మొన్న సంక్రాంతి కూడా గట్టెక్కేసింది, అరిసెలు, సున్నుండలు, చుట్టాలు, అర్ధరాత్రి దాకా మెలకువలు అన్నీ అయిపోయాయి, వాడు లేచింది ఒకే ఒక్క రాత్రి, అదీ ముక్కనుమ నాడు మా ఆడపడుచు పిల్లలతో పోటీ పడి పులిహోర లాగించినందుకు. ఇంక చాలు రాసేద్దాం అనుకున్నా.

సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తా. మా బాబుకి 3 ఏళ్ళు నిండి నెలైంది. పుట్టిన నెల నుంచే పాలు తాగాక కక్కేవాడు, భుజం మీద గుడ్డ లేకుండా నేను ఎప్పుడూ లేను. అందరూ పాలు కక్కే పిల్లలకి ఏం కాదు, నడక వస్తే అదే పోతుంది అన్నారు, నిజమే, చాలామందికి పోతుంది కూడా. మావాడికి ఏడాదిన్నర దాటాక కక్కడం తగ్గింది కానీ అసలు గొడవ అప్పుడే మొదలైంది. బయటికి రాదు, గొంతు దాకా వచ్చింది మళ్ళీ లోపలికి మింగేస్తాడు, మింగేటప్పుడు మొహం వేపాకు నమిలినట్టు పెడతాడు. రాత్రి ఒంటిగంటకి గడియారం పెట్టినట్టు లేచి వెనక్కి విల్లులా వంగిపోయి ఏడుపు. దిండు దగ్గర ముక్కు పెడితే పులిసిపోయిన దోసెల పిండి వాసన. తెల్లారితే దగ్గు. ఆ దగ్గుకి ఒకరు నిమ్ము అన్నారు, ఒకరు ఎలర్జీ అన్నారు, ఎన్ని దగ్గు మందులు తాగించామో ఎన్ని యాంటీబయాటిక్స్ వేశామో లెక్క లేదు.

మాటలు సరిగ్గా రాని పిల్లాడు గుండెల్లో మంట అని ఎలా చెప్తాడండి. వాడు "అమ్మా కారం" అనేవాడు. అర్ధరాత్రి, ఏమీ తినకుండా, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "కారం కారం". నేనేమో మిరపకాయ ఏమైనా ముట్టుకున్నాడా అని లైటు వేసి వాడి చేతులు కడిగేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే ఏడుపొస్తుంది. మా ఆయన కువైట్‌లో, వీడియో కాల్‌లో ఆయన అక్కడ నిద్ర పాడు చేసుకోవడం తప్ప చేసేదేం లేదు.

కిందటేడాది కాదు, అంతకు ముందు వినాయక చవితికి ఒక డాక్టర్ గారు ఇది రిఫ్లక్స్, అంటే కడుపులోది మళ్ళీ పైకి గొంతు వైపు రావడం, అని పట్టుకున్నారు, ఒక గ్యాస్ క్యాప్సూల్, ఒక వాంతుల సిరప్ రాశారు, రెండు వారాల్లో ఏడుపు సగం తగ్గింది. ఇంకేం కావాలి మాకు. అయిపోగానే పాత చీటీ పట్టుకెళ్ళడం, కొనుక్కురావడం, అలా మే నెల వచ్చేసింది.

ఇక్కడే నేను అసలు థ్యాంక్స్ చెప్పాల్సిన మనిషి వస్తాడు, థ్యాంక్స్ కంటే ముందు సారీ చెప్పాలి. మా వీధి చివర మెడికల్ షాపులో కుర్రాడు, నాకంటే చిన్నోడే, తమ్ముడు అంటాను. ఎండలో పిల్లాడిని ఎత్తుకుని వెళ్తే ఆ చీటీ అటూ ఇటూ తిప్పి "అక్కా ఇది 8 వారాలకి రాసిందండి, మీరు 8 నెలల్నుంచి వాడుతున్నారు, ఈసారి నేను ఇవ్వను, ముందు డాక్టర్‌కి చూపించి రండి" అన్నాడు. నాకు మండిపోయింది. రాత్రి నువ్వొచ్చి పడుకోబెడతావా వీడిని, నువ్వేమైనా డాక్టరువా అని షాపు ముందు నలుగురూ చూస్తుండగా అరిచేసి వచ్చేశా. పక్క వీధిలో ఇంకో షాపుకి వెళ్తే మాట మాట్లాడకుండా ఇచ్చేశారు. ఆ రాత్రి వాడు పడుకున్నాక ఫోన్ టార్చ్ వేసి చీటీ చూశా, కింద మూలకి గీతల్లా ఉంది కానీ 8 అంకె, దాని పక్కన వారాలు అని, ఉంది. ఎనిమిది నెలలు ఆ కాగితం నా పర్సులోనే ఉంది. డాక్టర్ గారి తప్పేం లేదు, ఆయన మళ్ళీ రమ్మన్నారు, మేమే వెళ్ళలేదు.

పిల్లల పొట్ట సంగతి మాత్రమే చూసే డాక్టర్లు వేరే ఉంటారని, వైజాగ్‌లో ఉన్నారని చెప్పింది కూడా ఆ తమ్ముడే, నేను అంత అరిచాక కూడా మర్నాడు మా మావయ్యగారికి చెప్పి పంపాడు.

జూన్‌లో వెళ్ళాం. రాజమండ్రి దాకా బస్సు, అక్కణ్ణించి రైలు. రైల్లో మావాడు ఎదురు సీటు పెద్దావిడ చీర మీద వాంతి చేసుకున్నాడు, నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆవిడ బ్యాగులోంచి తువ్వాలు తీసి ముందు పిల్లాడిని తుడిచి తర్వాత చీర తుడుచుకున్నారు. పేరు అడగలేదు, తునిలో దిగిపోయారు. అమ్మా మీరెవరో, మీకూ థ్యాంక్స్.

వైజాగ్‌లో డాక్టర్ మేడమ్ మందు ఏంటి అని అడగలేదు, మందు ఎలా వేస్తున్నారు అని అడిగారు. అన్నం తిన్నాక క్యాప్సూల్ విప్పి లోపల చిన్న చిన్న గుళికలు ఉంటాయి కదా, అవి స్పూన్ వెనకతో మెత్తగా నూరి పాలల్లో కలిపి ఇస్తున్నామండి అన్నా, ఎంత జాగ్రత్తగా చేస్తున్నానో అని గర్వంగా చెప్పా కూడా. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ఆ గుళికల మీద పూత ఉంటుందట, కడుపులో ఆమ్లానికి మందు పాడవకుండా, నూరితే ఆ పూత పోతుంది, మందులో చాలావరకు పేగు దాకా వెళ్ళకుండానే చెడిపోతుంది. నూరకుండా చెంచాడు ఆపిల్ గుజ్జు మీద చల్లి నమలకుండా మింగించాలి, అదీ తిండికి అరగంట ముందు, ఖాళీ కడుపుతో. ఎనిమిది నెలలు వాడాం అనుకున్నాం గానీ సరిగ్గా వాడింది ఎన్ని రోజులో దేవుడికే తెలియాలి.

ఇంకోటి చెప్పారు, ఇది నాకు ఎవ్వరూ చెప్పలేదు. ఈ మందు ఆమ్లాన్ని తగ్గిస్తుంది, తిన్నది పైకి రావడాన్ని ఆపదు. అంటే మంట తగ్గుతుంది, తేన్పు ఆగదు. మందు వేసినా పైకి వస్తోంది కదా అని మేం డోసు పెంచమని అడగడానికే వెళ్ళాం అసలు! పైగా ఆ ఆమ్లం ఊరికే లేదు, తిండితో పాటు లోపలికి వెళ్ళే క్రిముల్ని చంపుతుంది, నెలల తరబడి అణిచేస్తే విరేచనాలు, నిమ్ము లాంటివి వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది అన్నారు. వాంతుల సిరప్ అయితే అక్కడికక్కడే ఆపించేశారు, అది గుండె లయ మీద ప్రభావం చూపించే అవకాశం ఉందట, పిల్లలకి అలా నెలల తరబడి ఇచ్చేది కాదట.

పెద్దయ్యాక పోతుందా మేడమ్ అని అడిగా. అందరూ పోతుంది పోతుంది అంటారు, ఆవిడ ఆ మాట అనలేదు, చీటీ వెనక బొమ్మ గీశారు. అన్నవాహిక కింద, కడుపు మొదట్లో, సంచి మూతికి తాడు బిగించినట్టు ఒక కండరం ఉంటుంది, పసిపిల్లల్లో అది ఊరికే వదులైపోతుంటుంది, పైగా వాళ్ళు తాగేదంతా పాలు, ఉండేదంతా పడుకునే. కూర్చోవడం, నడవడం, గట్టి తిండి వచ్చేసరికి ఏడాది, ఏడాదిన్నరలోపు చాలామందికి ఆగిపోతుంది. ఏడాదిన్నర దాటినా ఉంటే మాత్రం ఇంకా పోతుందిలే అని కూర్చోకుండా ఎందుకుందో ఒకసారి చూడాలి. అలాంటివాళ్ళలో కూడా చాలామందికి సర్దుకుంటుంది, కొందరికి వస్తూ పోతూ ఉంటుంది, మీవాడు ఏ రకమో మందు మానిపించి చూస్తే గానీ నేను చెప్పలేను అన్నారు. గ్యారంటీ ఇవ్వలేదు. నాకెందుకో ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

బేరియం అని ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే ద్రవం తాగించి ఎక్స్‌రే తీశారు, పేగు మెలికలూ అవీ ఏం లేవు. బరువు అడిగితే నా దగ్గర ఏం లేదు అనుకున్నా, అత్తయ్యగారు సంచిలోంచి అంగన్‌వాడీ కార్డు తీశారు. మా అంగన్‌వాడీ టీచర్ గారు ప్రతి నెలా తూచి చుక్క పెట్టారు, 11 కిలోల 400 గ్రాములు, తక్కువే కానీ గీత కిందకి పడలేదు, ఆకుపచ్చలోనే ఉంది. మేడమ్ ఆ కార్డు చూసి ఇది నాకు సగం టెస్టులు తప్పించింది అన్నారు. టీచర్ గారూ, మీరు తూస్తానని కబురు పెట్టినప్పుడల్లా విసుక్కున్నాను, క్షమించండి.

తర్వాత 3 వారాలు పాలు బంద్. గేదె పాలు, ఆవు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాలు కలిసిన బిస్కెట్లు అన్నీ. కొందరు పిల్లలకి పాలల్లో ప్రొటీన్ పడక అచ్చం ఇలాగే ఉంటుందట, మానిపించి చూడటమే టెస్టు. కోనసీమలో పెరుగు లేకుండా పిల్లాడికి అన్నం పెట్టడం అంటే ఏంటో మీకు తెలుసు, వాడు కంచం ముందు "పెగు పెగు" అని ఏడుస్తుంటే మా మావయ్యగారు లేచి బయటికి వెళ్ళిపోయేవారు. పక్కింటి పిన్నిగారు రోజూ ఏదో ఒకటి కొబ్బరిపాలతో చేసి గోడ మీంచి అందించేవారు. 3 వారాలయ్యాక చూస్తే ఏ మార్పూ లేదు! కనీసం అది కాదని తేలింది, పెరుగు మళ్ళీ మొదలెట్టిన రోజు పండగే.

మార్పు తెచ్చింది వేరే, చెప్పుకుంటే చాలా చిన్నవి. 2 వారాలు నోటు పుస్తకంలో తిన్నవీ లేచినవీ టైముతో సహా రాయమన్నారు, రాస్తే నాకే కనిపించింది. రాత్రి 10 గంటలకి పడుకునే ముందు సీసాడు గేదె పాలు, పడుకునే తాగడం. సాయంత్రం వీధిలోకి వెళ్తే ప్యాకెట్ జ్యూస్. రెండు మూడు రోజులకోసారి విరేచనం, అదీ ఏడుస్తూ, అంత బలంగా ముక్కితే పైకి తన్నదా మరి. సీసా మాన్పించడానికి నాలుగు రాత్రులు నరకం చూశాం, అబద్ధం ఎందుకు. ఇప్పుడు 7కల్లా అన్నం, పెసరపప్పు కట్టో ఆనపకాయ కూరో, చింతపండు చారు పగలే, పడుకునేది 9.30కి, మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏం లేదు. ఒకేసారి బొజ్జ నిండా కుక్కకుండా కొంచెం కొంచెం. విరేచనం సాఫీగా అవ్వడానికి సిరప్ ఒకటి ఇచ్చారు. తల కింద రెండు దిండ్లు పెట్టేవాళ్ళం, తీసేయమన్నారు, పొట్ట మడత పడటం తప్ప లాభం లేదని. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి చూడండి అన్నారు, తిప్పుతాం, పది నిమిషాల్లో వాడి కాళ్ళు నా మొహం మీద ఉంటాయి.

ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని కూడా అడిగారు. నేను అత్తయ్యగారి వంక, ఆవిడ నా వంక. మా మావయ్యగారి చుట్ట ఆయన పెళ్ళికి ముందు నుంచీ ఉంది. ఇంటికొచ్చి భయం భయంగా చెప్తే ఏమీ అనలేదు, ఆ సాయంత్రం నుంచి చుట్ట కాలవ గట్టు మీదే, వానాకాలంలో గొడుగు పట్టుకుని మరీ వెళ్ళారు. మావయ్యగారూ, ఇది మీకు అత్తయ్యగారు చదివి వినిపిస్తారు, నేను ఎదురుగా చెప్పలేను.

మందు ఈసారి సరిగ్గా 8 వారాలు, నూరకుండా, ఖాళీ కడుపుతో. సెప్టెంబర్‌లో మెల్లగా తగ్గించి ఆపేశాం. ఆపిన వారం మళ్ళీ రెండు రాత్రులు లేచాడు, ఆపగానే ఆమ్లం కొన్నాళ్ళు ఎక్కువ ఊరొచ్చు, కంగారు పడి మొదలెట్టేయకండి అని మేడమ్ ముందే చెప్పబట్టి ఓర్చుకున్నా. ఆపాక కూడా అలాగే ఉన్నా, తిండి గొంతులో అడ్డం పడుతున్నా ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్న కెమెరా గొట్టం పంపి లోపల చూడటం, చేద్దాం అన్నారు, అన్నవాహికలో ఎలర్జీ వాపు ఒకటి ఉంటుందట, అది కూడా రిఫ్లక్స్ లాగే కనిపిస్తుందట. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు. ఫ్రిజ్ మీద కాగితం మాత్రం అలాగే ఉంది, ఆవిడే రాయించారు: ఆకుపచ్చ రంగు వాంతి, రక్తం గానీ కాఫీ పొడి రంగు గానీ, నల్లటి విరేచనం, మింగలేకపోవడం, బరువు తగ్గడం, ఉక్కిరిబిక్కిరై నీలంగా మారడం, వీటిలో ఏది వచ్చినా ఫోన్లు చేసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి.

నా పోస్ట్ చదివి మీ పిల్లలకి మందు మొదలెట్టొద్దు, ఆపొద్దు కూడా, నేను చేసిన పని అదే కదా. పూర్తిగా పోయిందా అంటే పోలేదండి. జలుబు చేస్తే వస్తుంది, పెళ్ళి భోజనం చేస్తే వస్తుంది. కానీ ఇప్పుడు లేచి "అమ్మా పుల్లగా వచ్చింది" అని చెప్తాడు, ఎత్తుకుని అటూ ఇటూ తిప్పితే భుజం మీదే పడుకుంటాడు.

కనుమ మర్నాడు సున్నుండల డబ్బా పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్ళా, వీడిని నడిపించుకుంటూ. ఆ తమ్ముడు మమ్మల్ని చూడగానే కౌంటర్ వెనక కొంచెం సర్దుకుని నిలబడ్డాడు పాపం, మళ్ళీ అరుస్తానేమో అని. "ఈసారి ఏం కావాలక్కా" అన్నాడు. వీడు ముందుకొచ్చి ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు, గాలిపటం వెనక పరిగెత్తి పడి చెక్కుకుపోయింది. బ్యాండేజీ ఒకటి అతికించి డబ్బులు తీసుకోలేదు.