పైన్ తోటల బదనిక: కంచెకు రెండు వైపులా ఒకేసారి కోయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పైన్ తోటలకు పట్టిన బదనిక గురించి ఈమధ్య మీ పేజీలో రెండు ఉత్తరాలు వచ్చాయి. చెట్లన్నీ కొట్టేసి కొత్తగా నాటుకోవడం తప్ప దారి లేదని ఒకరు, అదీ ఒక మొక్కే కదా దాని మానాన దాన్ని వదిలేయండని ఇంకొకరు రాశారు. మొదటి సలహా ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే వినడానికి బాగుంటుంది. చాలా ఏళ్లుగా ఒక చిన్న పైన్ తోటను చూసుకుంటూ, ఈ బదనికతో పడరాని పాట్లు పడ్డాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

బదనిక అనగానే మామిడి చెట్టు మీద పచ్చటి ఆకులతో గుబురుగా కనిపించేదే చాలామందికి గుర్తొస్తుంది. పైన్, ఫిర్, హెమ్లాక్ లాంటి సూది ఆకుల చెట్లకు పట్టేది దానికి దూరపు చుట్టం, మరుగుజ్జు బదనిక. దీనికి ఆకులంటూ చెప్పుకోదగ్గవి ఉండవు, చిన్న పొలుసులే. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో, కొమ్మ మీద వేలెడంత కాడలు గుత్తులుగా లేస్తాయి, హిమాలయాల్లో బ్లూ పైన్ మీద ఉండే రకమైతే కొన్ని మిల్లీమీటర్లే. మామిడి మీది బదనిక చెట్టు నుంచి నీళ్లూ లవణాలూ లాక్కున్నా తిండి చాలావరకు తనే తయారుచేసుకుంటుంది. ఇది మాత్రం చెట్టు తనకోసం తయారుచేసుకున్న ఆహారాన్ని కూడా తినేస్తుంది. అందుకే బదనిక పట్టిన కొమ్మ ఉబ్బి, చీపురుకట్టలా గుబురు కట్టి బలిసిపోతుంటే పైన చెట్టు చిటారుకొన ఎండిపోతూ ఉంటుంది. అలా నీరసించిన చెట్టును వెతుక్కుంటూ బెరడు పురుగు వస్తుంది, అంతటితో ఆ చెట్టు కథ ముగిసినట్టే.

ఇది వ్యాపించే పద్ధతి తెలియకుండా ఎంత కోసినా దండగ. వేసవి చివర్లో ఒకరోజు పండిన కాయలున్న కొమ్మను కిందికి వంచి చూస్తున్నాను, గోరు అలా తగిలిందో లేదో ఠప్పుమని చిన్న చప్పుడు, గింజ వచ్చి నా కళ్లజోడు అద్దానికి అంటుకుంది. బియ్యపు గింజ కన్నా చిన్నది, చుట్టూ విరిగిచెట్టు పండు గుజ్జులాంటి జిగురు. గుడ్డతో తుడిస్తే ఒక పట్టాన పోలేదు. ఆ కాయ లోపల నీటి ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా పేలుతుంది, గింజ బయటికి వచ్చే వేగం గంటకు దాదాపు 100 కిలోమీటర్లు. ఎక్కువ గింజలు 10 మీటర్ల లోపే పడతాయి, కొన్ని 15 మీటర్ల దాకా పోతాయి. సూది ఆకుకు అంటుకున్న గింజ, వాన పడి జిగురు నానగానే జారి ఆకు మొదట్లో కొమ్మ బెరడు మీదికి చేరి అక్కడ వేరు దింపుతుంది. ఆ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల దాకా పైకి ఏమీ కనిపించదు! చెట్టు చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. ఇంత జరిగేది గింజ సొంత బలంతోనే, పక్షులు మోసుకుపోవడం చాలా అరుదు. అంటే ఏ చెట్టుకు ప్రమాదమో తెలుసుకోవడానికి జ్యోతిషం అక్కర్లేదు, తలెత్తి చుట్టూ 15 మీటర్లు చూస్తే చాలు.

నేను చేసిన పెద్ద పొరపాటు కూడా ఇక్కడే. నాన్న హయాంలోని నాలుగు పెద్ద పైన్లను కొట్టడానికి మనసొప్పక ఉంచాను, నాలుగింటికీ బదనిక ఉంది. వాటి కింద పడిన విత్తనాలు మొలిచి మొక్కలు దట్టంగా లేస్తుంటే, నాటే పని లేకుండానే కొత్త తోట వస్తోందని సంబరపడ్డాను. ఏటా నిచ్చెన వేసుకుని అందినంత మేర కాడలు పీకాను కూడా. కాడ పీకితే బదనిక పోదు, దాని వేళ్లు బెరడు లోపల అల్లుకుపోయి ఉంటాయి, మళ్లీ చిగుర్లు వేస్తుంది. నా ఎత్తు కూడా లేని పిల్ల చెట్ల కొమ్మలు ఆరేడేళ్లకు కణుపుల దగ్గర కదురులా ఉబ్బడం చూశాక గానీ అర్థం కాలేదు, పైనున్న నాలుగు చెట్లు ఏటా కింది పిల్లల మీద వేల గింజలు కురిపిస్తున్నాయని. పిల్ల చెట్లు మీటరు ఎత్తుకు రాకముందే, లేదా వాటికి పదేళ్లు నిండకముందే పైనున్న రోగం చెట్లను తీసేయాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను, దాదాపు సగం పిల్ల చెట్లు పోయాయి.

ఏ చెట్టు కొట్టాలి, ఏది ఉంచాలి అని తేల్చుకోవడానికి మంచి పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో హాక్స్‌వర్త్ అనే అటవీ శాస్త్రవేత్త 1977లో ఇచ్చిన లెక్క అది. చెట్టు కొమ్మల భాగాన్ని కింద, మధ్య, పైన అని మూడుగా అనుకుని ఒక్కోదానికి మార్కు వేయాలి, బదనిక లేకపోతే 0, సగం వరకు కొమ్మలకు ఉంటే 1, సగం దాటితే 2. మూడూ కూడితే 0 నుంచి 6 దాకా వస్తుంది. 5, 6 వచ్చిన చెట్ల మీద ఆశ పెట్టుకోవడం దండగ. 3 గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చి, బదనిక కూడా కింది సగంలోనే ఉంటే కొమ్మలు కోసి కాపాడుకోవచ్చు. బదనిక కనిపించిన చోటి వరకే కోసి ఊరుకోకూడదు, అన్నిటికన్నా పైనున్న ఆనవాలుకు ఇంకో రెండు వరసల కొమ్మలు పైదాకా, కాండం దగ్గరికంటా కోయాలి. ఇందాక చెప్పిన కనిపించని కాలం కోసమే ఈ జాగ్రత్త. కోసిన కొమ్మను మోసుకుపోయి తగలబెట్టే పని లేదు, కొమ్మ చస్తే దాని మీది బదనికా చస్తుంది. ఈ ఒక్కమాట ముందే తెలిసి ఉంటే నాకు ఎంత కూలీ మిగిలేదో!

మందుల విషయం చెప్పాలి, ఎందుకంటే మందు కొట్టమనే మాటే ఎక్కువగా వినిపిస్తోంది. ఎథెఫాన్ అనే మందు కొడితే కాడలు రాలిపోతాయి, ఆ ఏడాదికి గింజలు పేలవు, అంతవరకు నిజం. బెరడు లోపలి వేళ్లకు ఏమీ కాదు, కొన్నేళ్లకు మళ్లీ కాడలు వస్తాయి. ఇంటి ముందు ముద్దుగా పెంచుకునే ఒకటో రెండో చెట్లకు సరే, తోట మొత్తానికి కొట్టడం డబ్బు పారబోసుకోవడమే.

దయచేసి ఇప్పుడు చెప్పే విషయాన్ని మాత్రం ప్రచురించండి. నా తోట నేను ఎంత శుభ్రం చేసుకున్నా, కంచె అవతల ప్రభుత్వ అడవిలో రోగం చెట్టు ఉంటే దాని గింజలు నా చెట్ల మీద పడుతూనే ఉంటాయి. అలాగే నా చెట్టు గింజలు అడవిలో పడతాయి. ఒక ఏడాది నేను కోస్తాను, పక్కతోట ఆయన మూడేళ్లకు కోస్తారు, అడవి అంచు ఎవరూ చూడరు, బదనికకు ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు మిగిలే ఉంటుంది. ఇది విడివిడిగా చేసే పని కాదు. కంచెకు అటూ ఇటూ 20 మీటర్ల పట్టీ గుర్తించి, అందులోని చెట్లన్నిటికీ ఒకే ఏడాది మార్కులు వేసి, కాయలు పండకముందే కోత పూర్తి చేయాలి. ఖాళీ అయిన చోట ఆ బదనిక పట్టని వేరే జాతి చెట్లు నాటాలి. మరుగుజ్జు బదనికలో ఒక్కో రకం ఒకటో రెండో జాతుల మీదే ఎక్కువగా బతుకుతుంది, డగ్లస్ ఫిర్‌కు పట్టేది పాండెరోసా పైన్‌కు పట్టదు. మధ్యలో వెడల్పాటి బాట ఉంటే ఇంకా మేలు, చాలా గింజలు దాన్ని దాటలేవు. ఇదంతా రైతులు తమలో తాము మాట్లాడుకుంటే జరగదు, అడవి అంచు వాళ్ల చేతిలో లేదు. అటవీ శాఖ ముందుకొచ్చి సరిహద్దు సర్వే చేసి, కోత తేదీలు అందరికీ చెప్పి, తన వైపు తాను కోయాలి.

బదనికను వదిలేయమన్న ఆ ఉత్తరంలోని బాధ నాకు అర్థమైంది. ఆ చీపురు గుబురుల్లో గుడ్లగూబలు గూడు పెడతాయి, ఉడతలు తలదాచుకుంటాయి, అది అబద్ధం కాదు. అందుకే చివరి కాడ దాకా నరకమని నేనూ అనను. అడవి లోపల, అదే జాతి పిల్ల చెట్లు చుట్టూ 15 మీటర్లలో లేని గుబురు చెట్టును హాయిగా ఉంచేయవచ్చు. కొట్టక తప్పనివాటిలో కొన్నిటికి చుట్టూ బెరడు వలిచి నిలువునా ఎండనిస్తే వడ్రంగి పిట్టలకు తొర్రలు దొరుకుతాయి, మనుషులు నడిచే చోట మాత్రం అలా చేయకూడదు. నేలకు దగ్గరగా వేలాడే గుబురులను మాత్రం ఏ పిట్ట కోసమూ ఉంచొద్దు. వాటిలో ఎండాకూ బంకా పేరుకుని ఉంటాయి, గడ్డికి అంటుకున్న నిప్పు వాటిని పట్టుకునే కొనదాకా ఎక్కుతుంది.

నాన్న హయాంలోని ఆ నాలుగు చెట్లలో మూడింటిని పోయినేడాది కొట్టించాను. నాలుగోది సరిగ్గా కంచె మీద ఉంది, సగం కొమ్మలు అడవి వైపు. అనుమతి కోసం అర్జీ పెట్టుకున్నాను, ఇంకా జవాబు లేదు. ఈ కాలం కాయలు పండటానికి రెండు నెలలే ఉంది. మీ పత్రిక ద్వారా అయినా ఈ మాట సంబంధిత అధికారుల చెవిన పడుతుందని రాస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక పైన్ తోట రైతు