నన్ను బుడాపెస్ట్ దాకా పంపినోళ్లందరికీ పెద్ద థ్యాంక్స్

అందరికీ నమస్తే. ఊరికొచ్చిన కాన్నుంచి ఫోన్లు ఆగుతలేవు, అందుకే అందరికీ ఇక్కడనే చెప్తున్న. పేర్లు పెట్టొద్దన్నోళ్లు ఉన్నరు కాబట్టి ఎవరి పేరూ రాస్తలేను, చదివితే ఎవరికి వాళ్లకే తెలుస్తది.

ముందుగాల మా లైబ్రరీ సార్‌కు. యూరోపియన్ యూనియన్ వాళ్ల ఎరాస్మస్ ప్లస్ అనే స్కీము కింద హంగేరీ దేశం బుడాపెస్ట్‌ల యూత్ వర్క్, అంటే యువతతోని పనిచేసుడు నేర్పే ట్రైనింగ్ ఉన్నదమ్మా, అప్లై చెయ్యి అని చెప్పింది సారే. వీసాకు 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ కావాలె అంటే ఆ అంకె చూసి ఇగ మనతోని కాదు అనుకున్న, అది కవరేజీనే, మనం కట్టేది కొంచెమే అని నిమ్మలంగ చెప్పి తన కార్డుతోనే కట్టిండు. తెల్లారకముందే బండి మీద మాల్ ఊరి దాకా తీస్కపోయి హైదరాబాద్ బస్సెక్కించిన చిన్నాయనకు, స్వెట్టర్ ఇచ్చిన పక్కింటి వదినకు, సకినాలు చేసిచ్చిన పెద్దమ్మకు కూడ థ్యాంక్స్, ఆ సకినాలు కల్చరల్ నైట్ల ముందుగాల అయిపోయినయి పెద్దమ్మా!

ఆ ట్రైనింగ్‌ల బోర్డు లేదు, బెంచీలు లేవు, అందరం గుండ్రంగ కూసునుడు. ఒకరోజు తలా ఒక చీటీ ఇచ్చిన్రు, అండ్ల ఒక మనిషి బతుకు రాసి ఉంటది, నాకు కాగితాలు లేని వలస కూలీ వచ్చింది. పానం బాగలేకుంటే దవాఖానకు పోగలవా, పోలీసోళ్లు ఆపితే భయపడకుండ ఉంటవా అని ట్రైనర్ అక్క చదువుతుంటే అవును అన్నోళ్లు అడుగు ముందుకెయ్యాలె. నేను ఉన్నకాడనే ఉన్న, ముందంత అందరి వీపులే. మన ఊరికి ఇటుక బట్టీల పనికొచ్చేటోళ్లు యాదికొచ్చి ఏడుపొచ్చింది.

ఇంకొక ముచ్చట చెప్పకపోతే ఈ పోస్టుకు అర్థమే లేదు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం, నా పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలున్నయి, చిన్నప్పటి సంది నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునుడే. టాంజానియాల అరూషా నుంచి ఒక అక్క వచ్చింది, ఆమెయి కూడ అచ్చం అసొంటి పళ్లే, గానీ నోరారా నవ్వుతది. వాళ్ల దిక్కు కూడ నీళ్లల్ల ఫ్లోరైడేనట. బకెట్ల నీళ్లల్ల పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి అక్కడ నేర్పిన్రట, దాన్నే నల్లగొండ టెక్నిక్ అంటరు, నాగ్‌పూర్‌ల నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసింది. నాది నల్లగొండ అనంగనే ఆమె లేచొచ్చి నన్ను అలుముకున్నది. ఆ రాత్రి శానసేపు ఇద్దరం నీళ్ల గురించి, చిన్నప్పుడు బడిల పిల్లలు అన్న మాటల గురించి మాట్లాడుకున్నం, నా ఇంగ్లీషు తప్పులు ఇద్దరికీ పట్టలేదు. మరునాడు గ్రూప్ ఫోటోల నా చెయ్యి కిందనే ఉన్నది. ఆ ఫోటోనే పైన పెట్టిన.

ఆఖరుకు యూత్‌పాస్ అనే సర్టిఫికెట్ ఇస్తరు, అండ్ల మార్కులుండయి, 8 అంశాల కింద ఏం నేర్చుకున్నమో మనమే రాసుకోవాలె. నాకు రాయొస్తలేదంటే ట్రైనర్ అక్క పక్కన కూసొని ఒక్కొక్కటి అడిగి రాయించింది. ట్రైనర్ అక్కా, నీకు తెలుగు రాదు కద, అందుకే నీకు, అరూషా అక్కకు ఇద్దరికీ దీన్ని ఇంగ్లీషుల కూడ పంపుత.

ఆదివారం పొద్దుమీకి బడి వరండాల మన పిల్లలతోని గిట్లనే గుండ్రంగ కూసుంటున్నం, ఇంటర్, డిగ్రీ పిల్లలను పంపుండ్రి. లైబ్రరీ సార్, మీరు తప్పకుండ రావాలె, మీకు కూడ ఒక చీటీ ఉంటది.